దసరా సెలవుల్లో జలపాతాలు: అహోబిలమా, తలకోనా?

కొండారెడ్డి_బురుజు:
అందరికీ నమస్కారం. మాది కర్నూలు. అక్టోబరులో ఆరుగురం, రెండు రోజులు, ఒక కారు. మా నాన్నకు 63 ఏళ్లు, మోకాళ్లు కొంచెం ఇబ్బంది పెడుతున్నాయి, అయినా వస్తానని పట్టుబట్టాడు. అహోబిలం, తలకోన రెండూ కలిపి కొట్టొచ్చా? ఆ నెలలో నీళ్లుంటాయా? ఫారెస్టు పర్మిషన్ కావాలా? షూ ఏది కొనాలి? ముఖ్యంగా నాన్నను ఎంతవరకు నడిపించొచ్చు? ఖర్చు గురించి టెన్షన్ లేదు, మోకాళ్ల గురించే.

నల్లమల_నడక:
అహోబిలంలో నవ నారసింహ గుళ్లు తొమ్మిదీ 17 సార్లు తిరిగినవాణ్ణి, నా మాట వినండి. రెండూ కుదరవు. కర్నూలు నుంచి తలకోన 300 కిలోమీటర్ల పైమాటే, రెండు రోజులూ కారులోనే తెల్లారుతుంది. అహోబిలం పెట్టుకోండి. ఎగువ అహోబిలం గుడి దాటి భవనాశి వాగు వెంబడి పోతే వరాహ నరసింహస్వామి, అక్కణ్ణుంచి జ్వాలా నరసింహుడి గుహ. ఆ గుహ దారిలో పైనుంచి నీళ్లు నెత్తిమీదే పడతాయి. తడవకుండా దాటుదామనుకుంటే అది మీ భ్రమ. ఇక షూ అంటారా, మూడు వేలు తగలేయకండి. టైరు చెప్పులు వేసుకోండి. నేను పదిహేనేళ్లుగా అవే.

నంద్యాల_నవాబు:
అహోబిలం కర్నూలు జిల్లా కాదు, నంద్యాల జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి.

కొండారెడ్డి_బురుజు:
నేను జిల్లా పేరే రాయలేదన్నా. మాది కర్నూలు అన్నా, అంతే.

సీమ_టెకీ:
టైరు చెప్పులా!! తడి బండ మీద టైరు చెప్పులేసుకుని పొమ్మని అరవై దాటిన మనిషికి సలహా ఇస్తున్నారా? అరిగిన టైరు కోసి చేస్తారు వాటిని. అరిగిన టైరుతో వానలో బండి నడుపుతారా మీరు? మంచి ట్రెక్కింగ్ షూ కొనండి బ్రో, పట్టు చూసి తీసుకోండి.

నల్లమల_నడక:
తమరు ఎన్నిసార్లు ఎక్కారో?

సీమ_టెకీ:
రెండుసార్లు. రెండుసార్లూ కాళ్లు విరక్కుండా దిగాను.

ప్రొద్దుటూరు_పట్టుచీర:
షూ గురించి నా గోడు వినండి. మూడేళ్లు బీరువా మీద అట్టపెట్టెలో దాచిన ఖరీదైన ట్రెక్కింగ్ షూ, ఒక్కసారి వేసుకున్నది, అహోబిలం కొండమీది ఉగ్రస్తంభం ఎక్కేటప్పుడు కుడికాలి అడుగు ఊడింది. చీలడం కాదు, అట్ట అట్టగా, ఎండిన రొట్టె విరిగినట్టు పొడిపొడిగా రాలింది. వాడకుండా పెట్టినా ఆ నురగ అడుగు తేమకు దానంతటదే చివికిపోతుందట, తర్వాత షాపతను చెప్పాడు. ప్యాంటు నాడా తీసి షూ చుట్టూ కట్టుకుని, ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో రాయి పట్టుకుని దిగాను. మా ఆవిడ ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుతుంది. కొత్త షూ అయితే ముందు వారం ఇంటిచుట్టూ తిరగండి, పాతదైతే అడుగును బొటనవేలితో నొక్కి చూడండి.

నల్లమల_నడక:
చూశారా. టైరుకు ఆ రోగం లేదు.

సీమ_టెకీ:
రోగం లేదు, పట్టు కూడా లేదు. పాచి పట్టిన బండ మీద ఏది వేసుకున్నా జారుతుంది, దానికి మందు చెప్పులు కాదు, పాచిని చూసి పక్కన అడుగేయడం. చేతిలో కర్ర ఉండాలి. ఎగువ అహోబిలంలో గుడి దగ్గరే కర్రలిస్తారు, తీసుకోండి.

అనంత_మబ్బు:
మీ గొడవ మీకు బాగుంది. మా అనంతపురంలో జలపాతం అంటే బోరు వేసినప్పుడు మొదటి నిమిషం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అండీ మాది. తాడిపత్రి పక్కన ఆలూరుకోన రంగనాథస్వామి గుడి దగ్గర వానలు పడిన ఏడాది నీళ్లు దూకితే ఊళ్లకు ఊళ్లు ఆటోలేసుకుని పోతాయి. మా తాత నీళ్లు దూకే చోట నిలబడి చేతులెత్తి దండం పెట్టేవాడు, దేవుడికి కాదు, నీళ్లకు.

కోడూరు_కోడలు:
ఏ నెల అని అడిగితే అందరూ చెప్పుల దగ్గరే ఆగిపోయారు. అహోబిలం ఉన్న నల్లమలకు నైరుతి వానలు ముఖ్యం, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వాగులు బాగుంటాయి. మా రైల్వేకోడూరు వైపు, తలకోన ఉన్న శేషాచలానికి అసలు వాన ఈశాన్యంలో, అంటే అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా. ఆగస్టులో మా గుంజన జలపాతానికి వచ్చి "ఇంతేనా" అని మొహం చిన్నబుచ్చుకుని పోయే కార్లను చూస్తూనే ఉంటాం.

నల్లమల_నడక:
లేదమ్మా, జలపాతం ఎక్కడైనా ఆగస్టే. ఆగస్టు దాటితే పస ఉండదు. అనుభవం మీద చెప్తున్నా.

కోడూరు_కోడలు:
మీ అనుభవం మీ కొండదండీ, మా కొండది కాదు. పస ఉందో లేదో చెప్తాను. రెండేళ్ల కింద నవంబరులో మా ఆడపడుచు పిల్లల్ని తీసుకుని ఒక కోనకు పోయాం. మీద ఎండ. మడుగు పక్క బండ మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి టీ రంగుకు తిరిగాయి. నేను పట్టించుకోలేదు. తర్వాత ఎండుటాకులు, పుల్లలు, నురగ. అవతలి గట్టున గొర్రెలు కాస్తున్న పెద్దాయన "ఎక్కండి, పైకెక్కండి" అని ఒకటే కేకలు. పిల్లల రెక్కలు పట్టుకుని ఎక్కి తిరిగి చూస్తే మేం కూర్చున్న బండ లేదు. డబ్బా పోయింది, నా చెప్పులూ పోయాయి. మా మీద ఒక్క చినుకు పడలేదు. ఎక్కడో పైన కొండ మీద పడిన వాన అది. రాతికొండ నీళ్లు తాగదు, కిందికి తోసేస్తుంది. నీళ్ల రంగు మారితే ఫొటో తీసుకోకుండా లేవండి.

రాజంపేట_రవ్వ:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది కూడా ఈ ఈశాన్య వానలకే. పులపత్తూరు వైపు మా పిన్ని వాళ్ల ఇంట్లో ఆ తర్వాత చాలా రోజులు బీరువా తెరిస్తే ఇసకే. నవంబరులో కొండకు పోయేవాళ్లు ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకుని బయల్దేరాలి.

సీమ_టెకీ:
చెప్పులు పోయాయి అన్నారు కదా. టైరువేనా?

కోడూరు_కోడలు:
మీకు సిగ్గుండాలి.

సీమ_టెకీ:
సారీ మేడమ్. తప్పైంది.

పులివెందుల_పులిహోర:
పర్మిషన్ సంగతి నేను చెప్తా, నాకు తగిలిన దెబ్బ. శేషాచలంలో ఎర్రచందనం ఉంది, అందుకని బ్యాగు తగిలించుకున్న ప్రతివాడూ ఫారెస్టువాళ్ల కంటికి దుంగలు నరికే కూలీనే. మేం నలుగురం ఒక తీర్థానికి తెల్లారుజామున బయల్దేరాం. చెక్‌పోస్టులో బ్యాగు తెరిస్తే కొబ్బరికాయ కొట్టడానికి మా బామ్మర్ది పెట్టుకున్న మచ్చుకత్తి బయటపడింది. మూడు గంటలు కూర్చోబెట్టారు. కొబ్బరికాయ చూపించాం, కర్పూరం చూపించాం, చివరికి అగరొత్తుల కట్ట కూడా. ఆఖరుకి వెనక్కి పంపారు. రిజర్వు అడవిలో పర్మిషన్ లేకుండా అడుగుపెడితే కేసు, దేవుడి పేరు చెప్పినా కేసే. తుంబురు తీర్థం లాంటివి ఆ తీర్థానికి ముక్కోటి జరిపే రోజున (వైకుంఠ ఏకాదశి కాదు) తిరుమల దేవస్థానం వాళ్లు తెరిచినప్పుడు పోండి, అందరితో కలిసి. కొబ్బరికాయ రాయి మీద కొట్టండి.

నల్లమల_నడక:
మచ్చుకత్తితో అడవికి పోవడం ఏంటి సామీ? ఆ మాత్రం తెలియదా? నా 17 సార్లలో ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు.

పులివెందుల_పులిహోర:
మీ టైరు చెప్పులు చూసి జాలిపడి ఉంటారు.

నల్లమల_నడక:
పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి నేర్చుకో ముందు.

ఆత్మకూరు_అడ్డరోడ్డు:
గొడవ ఆపండి. కొత్తవాళ్లకు ఒక్క ముక్క. అహోబిలం చూసుకుని అట్నుంచటే శ్రీశైలం కొడదామని రాత్రి పూట ఆత్మకూరు మీదుగా దోర్నాల దారి పట్టకండి. అది పులుల అడవి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేస్తారు. మేం పిల్లల్ని కార్లో పడుకోబెట్టుకుని గేటు ముందు తెల్లారేదాకా ఉన్నాం.

రాయచోటి_రాగిసంగటి:
తలకోన వైపు పోయేవాళ్లు కడప నుంచి రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాక పాలకోవా తీసుకోండి. వేడిగా ఉన్నది అడగండి, అద్దాల పెట్టెలో ఉన్నది కాదు.

అనంత_మబ్బు:
కోవా ఎన్ని రోజులు నిలవ ఉంటుంది?

రాయచోటి_రాగిసంగటి:
మా ఇంట్లో ఒక పూట.

కొండారెడ్డి_బురుజు:
అందరికీ దండాలు. 63 ఏళ్ల మనిషి మోకాళ్ల గురించి అడిగాను. కోవా గురించి తెలిసింది, కత్తి గురించి తెలిసింది, షూ అడుగు గురించి తెలిసింది. మోకాళ్ల గురించి ఎవరైనా ఒక్క మాట చెప్తారా?

ప్రొద్దుటూరు_పట్టుచీర:
క్షమించండి తమ్ముడూ, నా షూ కథ చెప్పుకుంటూ మర్చిపోయా. నాన్నగారిని ఉగ్రస్తంభానికి తీసుకుపోకండి, అది పడుచువాళ్లకే చేతులూ కాళ్లూ వాడి ఎక్కే రాళ్లు. ఎగువ అహోబిలం గుడి దాకా కారు పోతుంది. జ్వాలా దారికి డోలీ దొరుకుతుంది, మోసేవాళ్లకు ముందే రేటు మాట్లాడుకోండి. ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్లను చంపుతుంది. వచ్చేటప్పటికైనా డోలీ ఎక్కించండి.

కోడూరు_కోడలు:
అహోబిలంలో మెట్లూ రాళ్లూ ఎక్కువ అనిపిస్తే ఇంకోసారి తలకోన ఒక్కటే పెట్టుకోండి అన్నా. 270 అడుగుల నుంచి దూకుతుంది, రాష్ట్రంలో అంతెత్తుది లేదు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర బండి ఆపి నిదానంగా నడిపించండి. మధ్యలో ఆయన కూర్చుంటానంటే కూర్చోనివ్వండి, తొందరపెట్టొద్దు.

నంద్యాల_నవాబు:
తలకోన తిరుపతి జిల్లా. చిత్తూరు కాదు.

కొండారెడ్డి_బురుజు:
ఎవరూ చిత్తూరు అనలేదన్నా!!
సరే, అహోబిలం ఒక్కటే ఖాయం చేశాం. ఆళ్లగడ్డలో రాత్రి పడుకుని తెల్లారి ఎక్కుతాం. ఫోన్ నాన్న చేతికిచ్చి ఇదంతా చదివించాను. డోలీ అన్న చోట మొహం తిప్పుకున్నాడు, "నన్ను మోసుకుపోయే రోజు ఇంకా రాలేదు" అన్నాడు. పులిహోర డబ్బా కొట్టుకుపోయిన చోట రెండుసార్లు చదివాడు. ఆయన అడగమన్నది ఒక్కటే: ఆ టైరు చెప్పులు ఆళ్లగడ్డలో యాడ దొరుకుతాయి, తొమ్మిదో నంబరు ఉంటుందా?

నల్లమల_నడక:
నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. సంతలో చూడండి, నంబర్లుండవు, కాలు పెట్టి చూసుకోవాలి.

సీమ_టెకీ:
అంకుల్, వద్దు.