అప్‌డేట్: మా బాబు నిద్రపోతున్నడు

రెండు నెలల కింద అడిగిన, యాదికుందా? ఊరిడిచి మహబూబ్‌నగర్‌ల మూడో అంతస్తు ఫ్లాట్‌కు వచ్చినంక మా తొమ్మిదేళ్ల బాబు రాత్రి నిద్రపోతలేడు, ఊకె ఏడుస్తున్నడు, ఏం చెయ్యాలె అని. బయట ఆడనియ్యమని చానామంది చెప్పిన్రు.

డాక్టరమ్మకు చూపించినం. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలన్నా ఒళ్లు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తదట.

ఇంటెనక ఖాళీ జాగల వేపచెట్టు ఉన్నది. ఆడుకోనీకి ఆడికి తీస్కపోతే, మొదటి వారం నా చున్నీ పట్టుకునే నిలబడ్డడు. రెండో వారం ఎవరో చిర్రగోనెకు పిలిచిన్రు. ఆ రోజు మోకాళ్లు కొట్టుకపోయి, గోర్లల్ల ఎర్రమన్నుతోని వచ్చి, అన్నం రెండోసారి పెట్టమన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

ఒక ఐతారం మహబూబ్‌నగర్ దగ్గరున్న పెద్ద పాత మర్రిచెట్టు, పిల్లలమర్రికి తీస్కపోయిన. 2018ల చెదలు పడితే ఆ మర్రికి సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించిన్రని చెప్పిన. ఊడలను చానాసేపు చూసి, "అమ్మా, నాక్కూడా ఊరిడిచినప్పటి నుంచి బాగలేదు" అన్నడు. ఆ మాట నోరు తెరిచి చెప్పుడు అదే మొదటిసారి.

సోమవారం పొద్దున బడికి ఇంకా ఏడుస్తడు. బాబుకు ఇప్పిస్తున్న కౌన్సెలింగ్ కూడా ఆపలే. రాత్రి తొమ్మిదిన్నరకల్ల మాత్రం పండుకుంటున్నడు. చెప్పిన అక్కలకు, అన్నలకు దండం.