తొమ్మిదో తరగతి పిల్లల్ని భువనగిరి గుట్టకు తీసుకెళ్లాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

జనగామ వైపు సైన్స్ టీచర్:

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. తొమ్మిదో తరగతిలో నలభై మంది దాకా ఉన్నారు, సగానికి పైగా ఆడపిల్లలే. వెనక బెంచీల్లో కూర్చునే ఓ పదిమంది గురించే నా బెంగ. వాళ్లు అల్లరి చేస్తే బాగుండేది. అడిగితే లేచి నిలబడతారు, తల వంచుకుంటారు, కూర్చోమంటే కూర్చుంటారు. వాళ్లే సాయంత్రం చెరువు కట్ట మీద కనిపిస్తే వేరే మనుషులు. మత్తడి దగ్గర నీళ్లు ఎంత జోరుగా పోతే చేప ఎటు ఎదురెక్కుతుందో నాకే పాఠం చెబుతారు.

ఈ పిల్లల్ని ఒక్క రోజైనా గోడల బయటికి తీసుకెళ్లాలని ఉంది. భువనగిరి కోట దగ్గర రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు, మాకు రైల్లో దగ్గరే. హెచ్‌ఎం గారు కాదనలేదు గానీ "ఏమన్నా అయితే సంతకం ఎవరిదమ్మా?" అన్నారు. ఆడపిల్లల తల్లులైతే "గుట్టలెక్కి ఏం జేస్తరు టీచరమ్మా, కాలో చెయ్యో విరిగితే ఎట్ల?" అంటున్నారు. ఇలా తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పిక్నిక్‌లా అయిపోకుండా, పాఠంలా బోరు కొట్టకుండా ఎలా చేయాలి?

ఇద్దరు పిల్లల తండ్రి:

మేడమ్, మీ ఉద్దేశం మంచిదే. కానీ వచ్చే ఏడాది పది, ఆ టెన్షన్ మాకే తెలుసు. మా అబ్బాయి స్కూలు వాళ్లు కూడా ఇలాగే "ఎడ్యుకేషనల్ టూర్" అని డబ్బులు కట్టించుకుని వాటర్ పార్కుకు తీసుకెళ్లారు. వాడు నేర్చుకున్నది ఏంటయ్యా అంటే బస్సులో ఏ సీటు దగ్గర ఏసీ బాగా వస్తుందో. గుట్ట ఎక్కినంత మాత్రాన వెనక బెంచీ ముందుకొస్తుందా?

గుట్టల మాస్టారు:

టీచర్ గారూ, నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. స్కౌట్స్ కూడా చూసేవాణ్ని. పైన తండ్రిగారు అన్నదాంతో సగం ఏకీభవిస్తా. పిల్లల్ని సామానులా బస్సెక్కించి, చూపించి, దింపేస్తే అది వాటర్ పార్కయినా ఒకటే, గోల్కొండయినా ఒకటే. ఆ రోజు పిల్లల చేతిలో పని ఉందా లేదా అన్నదే తేడా. తప్పితే నష్టం కనబడే పని, నిజం పని ఉండాలి. నీళ్లు మోయడం, లెక్క కట్టడం, తాడు పట్టుకోవడం, ఎక్కడ ఆగాలో తేల్చడం. టీచర్లు చేసిపెట్టే పనులన్నీ వాళ్లకు ఇచ్చేయండి.

మీరు సైన్స్ టీచర్ కాబట్టి నాకు ఇష్టమైన పని ఒకటి చెబుతా. గుట్ట ఎత్తు కొలవడం. కోణమానిని అడ్డంచు వెంబడి ఒక స్ట్రా అంటించండి. మధ్య బిందువు దగ్గర దారం కట్టి, కొసకు ఇనుప నట్టు వేలాడదీయండి. స్ట్రాలోంచి శిఖరాన్ని చూస్తుంటే, పక్కవాడు దారం ఏ గీత మీద ఉందో చదవాలి. 90 నుంచి ఆ అంకె తీసేస్తే ఊర్ధ్వ కోణం. స్కూల్లో జెండా కర్రకు ఇది తేలిక: కోణం 45 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కి నడిస్తే, కర్రకూ మనకూ మధ్య ఎంత దూరమో కంటి మట్టం నుంచి కర్ర అంత ఎత్తు.

గుట్ట దగ్గరికి వెళ్లాక అసలు కథ మొదలవుతుంది. టేపు పట్టుకుని పిల్లలు గుట్ట మొదటికి పరిగెత్తుతారు, అక్కడ ఆగిపోతారు. శిఖరానికి సూటిగా కింద ఉన్న బిందువు రాతి కడుపులో ఉంది, అక్కడికి టేపు పోదు. మీరు నోరు మెదపకండి. కాసేపు వాదించుకుంటారు. ఎవడో ఒకడు, నా అనుభవంలో ఎక్కువగా వెనక బెంచీవాడే, "రెండు చోట్ల నుంచి చూస్తే?" అంటాడు. పదో తరగతి త్రికోణమితిలో "టవరు వైపు కొంత దూరం నడవగా కోణం మారెను" అనే లెక్క ఎందుకు పుట్టిందో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. తొమ్మిదో తరగతికి ఇంకా టాన్, కాట్ రావు కదా అనకండి. గ్రాఫ్ కాగితం మీద సెంటీమీటరుకు పది మీటర్ల స్కేలుతో రెండు కోణాలూ గీస్తే గీతలు కలిసే చోటే శిఖరం. ఎత్తు స్కేలుతో కొలిచేయొచ్చు. రెండు చోట్లూ ఒకే మట్టంలో, శిఖరానికి ఒకే వరసలో ఉండాలి, అంతే.

ఇంకో మాట. ఉదాహరణకు దూరం నుంచి 30 డిగ్రీలు, 100 మీటర్లు ముందుకొచ్చాక 45 డిగ్రీలు వచ్చాయనుకోండి. ఎత్తు దాదాపు 137 మీటర్లు. 30ని 29గా చదివితే 124 మీటర్లకు పడిపోతుంది. ఒక్క డిగ్రీకి నాలుగంతస్తుల మేడ మాయం! ఏ గ్రూపుకు ఏ అంకె వచ్చినా దిద్దకండి, ఎందుకు తేడా వచ్చిందో వాళ్లనే కొట్లాడుకోనివ్వండి. భువనగిరి గుట్ట ఎత్తు 500 అడుగుల దాకా ఉంటుందని చెబుతారు, అంటే 152 మీటర్లు. ఆ సంగతి చివర్లో చెప్పండి.

ఇక భద్రత. ఇక్కడ మొహమాటం వద్దు. అది ఏకశిల, నున్నటి గ్రానైటు. వాన పడితే ఆ రోజు కార్యక్రమం రద్దు, రైలు టికెట్లు పోతే పోనీ. ఎండాకాలం రాయి పెనంలా కాలుతుంది, నవంబరు నుంచి జనవరి మధ్య పెట్టుకోండి. పొద్దున్నే ఎక్కి ఎండ ముదరకముందే దిగాలి. కోట గోడలకూ కొండ చరియలకూ పెద్ద తేనెపట్టులు ఉంటాయి. పొగ, రాళ్లు విసరడం, ఘాటైన సెంటు, ఈ మూడూ నిషేధం. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను కేకలేసే మాస్టారినే.

తాడు పని మీరు గానీ నాలాంటివాడు గానీ చేయించకూడదు. శిక్షణ పొందిన ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి, హెల్మెట్, హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టే బెల్టు) వాళ్లవే ఉండాలి. మీరు చేయగలిగిందల్లా వెళ్లేముందు స్కూల్లో వేపచెట్టు కింద తాడు ముడులు వేయడం నేర్పడం. క్లోవ్ హిచ్, షీట్ బెండ్, రీఫ్ నాట్ స్కౌట్స్ ప్రథమ సోపాన్‌లోనే ఉంటాయి. ముడి వేసి నీళ్ల బకెట్ వేలాడదీయండి, జారితే వేసినవాడే తడుస్తాడు. రీఫ్ నాట్ దెబ్బకు కట్టు కట్టడానికే గానీ మనిషి బరువుకు పనికిరాదని గట్టిగా చెప్పండి.

హెచ్‌ఎం గారి సంతకం సంగతి: ఆయన భయం న్యాయమైనదే. తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, పిల్లల ఆరోగ్య వివరాలు (ఆయాసం, ఫిట్స్, గుండె), వెంట వచ్చే టీచర్ల పేర్లు, దగ్గరి ఆసుపత్రి నంబరు, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టి డీఈఓ ఆఫీసు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు బ్యాగు లేకుండా నేర్చుకునే ఏర్పాటు ఉంది. మీది తొమ్మిది కాబట్టి నేరుగా వర్తించదు, కానీ దరఖాస్తులో ప్రస్తావిస్తే ఆఫీసులో వినే చెవి దొరుకుతుంది.

గురుకులం పూర్వ విద్యార్థిని:

మాస్టారు గారికి నమస్తే. నేను సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాను. మా మెస్ హాల్లో మలావత్ పూర్ణ ఫొటో ఉండేది. 2014 మే 25న పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నేపాల్ వైపు పదహారేళ్ల లోపు వాళ్లకు పర్మిషన్ లేదని టిబెట్ వైపు నుంచి వెళ్లారు. వాళ్లు మొదట రాయి పట్టుకుంది ఈ భువనగిరి గుట్ట మీదే, ఆ తర్వాత డార్జిలింగ్. ఆడపిల్లల తల్లులకు చెప్పడానికి ఇంతకంటే మంచి మాట లేదు టీచర్. "ఎవరెస్ట్" అని మొదలుపెట్టకండి, భయపడతారు. "నిజామాబాద్ జిల్లాలో వ్యవసాయ కూలీల బిడ్డ, మన గురుకులంలో చదివిన అమ్మాయి" అని మొదలుపెట్టండి.

నేను చిన్న ట్రైనింగ్ మాత్రమే చేశాను, పర్వతాలేం ఎక్కలేదు. ర్యాపెలింగ్ (తాడు సాయంతో రాతి మీదుగా కిందికి దిగడం) గురించి ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. దిగడం కష్టం కాదు. అంచున నిలబడి, లోయకు వీపు పెట్టి, గాల్లో కుర్చీ ఉన్నట్టు వెనక్కి కూర్చోవాలి. ఒళ్లు ఒప్పుకోదు. అందరూ రాయిని కౌగిలించుకుంటారు, అప్పుడే కాళ్లు జారతాయి. రాయికి ఎంత దూరంగా వాలితే బూటు అంత గట్టిగా పట్టుకుంటుంది. మా ఇన్‌స్ట్రక్టర్ అక్క "నీ బరువు తాడుకు ఇచ్చెయ్, నీ దగ్గర పెట్టుకోకు" అని అరుస్తూనే ఉండేది. మీరు ఘర్షణ పాఠం చెబుతారు కదా, ఆ క్లాసు దిగొచ్చిన మర్నాడు పెట్టుకోండి.

ఆడపిల్లల విషయంలో: చున్నీలు వద్దు, ట్రాక్ ప్యాంటు, టీషర్ట్. జడ గట్టిగా వేసి టీషర్ట్ లోపలికి దోపాలి. తాడు పట్టే ఫిగర్ ఎయిట్ అనే లోహపు పరికరంలో జుట్టు ఇరుక్కుంటే మధ్యలో వేలాడాల్సిందే. గాజులు, ఉంగరాలు తీసేయాలి. ప్యాడ్లు మీ బ్యాగులో ఉన్నాయని ముందురోజే చెప్పండి, లేకపోతే ఆ నెలసరి రోజుల్లో ఉన్నవాళ్లు కడుపునొప్పి అని ఇంట్లోనే ఉండిపోతారు. దిగను అన్న పిల్లను దయచేసి బలవంతపెట్టొద్దు, చప్పట్లు కొట్టి "రా రా" అని కూడా పిలవొద్దు. నాకు అది చాలా చిరాగ్గా ఉండేది.

ఇద్దరు పిల్లల తండ్రి:

లెక్క బాగుంది మాస్టారూ. మా వాడితో డాబా మీద నుంచి సెల్ టవర్ కొలిపిస్తా ఈ ఆదివారం. మా వాడు ఐదు నిమిషాల్లో ఫోన్ అడుగుతాడనే నా పందెం. చూద్దాం.

జనగామ వైపు సైన్స్ టీచర్:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, థాంక్యూ. మా లెక్కల సార్‌కు చూపించా. ఆయన వస్తానన్నారు, జెండా కర్రతో రేపే మొదలుపెడదాం అంటున్నారు. పూర్ణ గురించి తల్లుల మీటింగులో చెబుతా.

రెండు సందేహాలు. దిగనన్న పిల్లలు ఆ రెండు గంటలూ ఏం చేయాలి? ఊరికే కూర్చోబెడితే చిన్నబుచ్చుకుంటారు. ఇంకోటి, కోణం చూపించే యాప్ ఫోన్లోనే ఉంది కదా, దారం, నట్టు ఎందుకు సార్ అని అప్పుడే ఒకడు అడిగేశాడు. వెనక బెంచీవాడే!

గుట్టల మాస్టారు:

అడిగాడా, అయితే మీ పని సగం అయినట్టే.

దిగనివాళ్లకు రాయి ఇవ్వండి. ఆ గ్రానైటు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా పలకలు పలకలుగా ఊడుతుంటుంది. చిన్న గులకరాయితో తట్టుకుంటూ పోతే గట్టి రాయి టంగుమంటుంది, పొర విడిచింది బోలుగా మోగుతుంది. ఎక్కేవాళ్లు కూడా చెయ్యి వేసే ముందు రాతిని ఇలాగే తట్టి చూస్తారు. అంచుకు దూరంగా, మెట్ల దారి పక్కన, ఒక టీచర్ వెంట ఉండి, ఎక్కడెక్కడ బోలుగా మోగిందో నోటుబుక్కులో పటం గీయమనండి. ఊడిన పలకల్ని పీకొద్దని, కోట గోడల జోలికి పోవద్దని ముందే చెప్పండి. ఇంకొకళ్లకు వాచీ ఇచ్చి ఎవరు ఎంతసేపట్లో దిగారో రాయించండి. దిగినవాళ్లు వచ్చి వాళ్లనే అడగాలి కాబట్టి చిన్నబుచ్చుకునే పని ఉండదు.

యాప్ వాడనివ్వండి, ఎందుకొద్దు? కాకపోతే వరస మార్చకండి. దారంతో వచ్చిన అంకె కాగితం మీద రాసి, సంతకం పెట్టి మీకు ఇచ్చాకే ఫోన్ తీయాలి. గాలికి దారం ఊగుతుంది కాబట్టి మూడుసార్లు చదివి సగటు తీయమనండి. నట్టు కాస్త బరువున్నది చూడండి, సైకిల్ షాపులో అడిగితే పాతవి ఊరికే ఇస్తారు.