బైపాస్ తర్వాత ఎన్‌టీజీ (నైట్రోగ్లిజరిన్) పెంచుతున్నా బీపీ దిగడం లేదు, సిరంజి మార్చినప్పుడు ఊగుతోంది

సీటీఐసీయూ స్టాఫ్ నర్స్:
మా సీటీఐసీయూ (గుండె ఆపరేషన్ల ఐసీయూ)లో 60 కేజీల పేషెంట్, గుండె బైపాస్ ఆపరేషన్ అయి 3 గంటలు. వెంటిలేటర్ మీదే ఉన్నారు. ఈఎఫ్ (గుండె పంపింగ్ శక్తి) 55 శాతం. ఎన్‌టీజీ 50 మి.గ్రా. 50 ఎంఎల్‌లో కలిపి గంటకు 6 ఎంఎల్ వరకు పెంచాం, అంటే నిమిషానికి 100 మైక్రోగ్రాములు. బీపీ ఇంకా 165/90, పల్స్ 110. సర్జన్ పై బీపీ 130 దాటనివ్వొద్దన్నారు. సిరంజి మార్చితే ముందు 190కి ఎగిరి, తర్వాత 80కి పడింది. నైట్రోప్రుసైడ్ (ఇంకా బలంగా బీపీ దించే మందు) మొదలుపెట్టే పరిస్థితేనా?

కార్డియాక్ అనెస్తీషియా:
ఇప్పుడే వద్దు సిస్టర్. ముందు ఆ 165 నిజమేనా చూడండి. ట్రాన్స్‌డ్యూసర్ (ధమని లైన్ నుంచి బీపీ కొలిచే పరికరం) గుండె మట్టానికి 10 సెం.మీ. కిందకి జారితే బీపీ దాదాపు 7.5 ఎక్కువ చూపిస్తుంది. మంచం ఎత్తు మార్చి ట్రాన్స్‌డ్యూసర్‌ని మరిచిపోవడం చాలాచోట్ల జరిగేదే. నాలుగో పక్కటెముకల సందు, చంక మధ్య గీత దగ్గర పెట్టి జీరో చేయండి. ఫ్లష్ లాగి వదిలాక మానిటర్‌లో గీత చాలాసార్లు ఊగితే సిస్టాలిక్‌ను (పై బీపీని) నమ్మొద్దు, మీన్ (సగటు బీపీ) చూడండి, చేతి కఫ్‌తో పోల్చండి.

నిజమే అని తేలితే కారణం వెతకండి. సెడేషన్ (మత్తు మందు) దిగి మెలకువ వస్తోందా, నొప్పా, ట్యూబ్‌కి దగ్గుతున్నారా, వణుకుతున్నారా, ఏబీజీలో (ధమని రక్త పరీక్షలో) కార్బన్ డయాక్సైడ్ పెరిగిందా, యూరిన్ కాథెటర్ మడత పడి మూత్రాశయం నిండిందా? నొప్పికి ఫెంటనిల్ 25 నుంచి 50 మైక్రోగ్రాములు ఇస్తే చాలాసార్లు 20, 30 పాయింట్లు అక్కడే దిగుతాయి.

ఒళ్లు చల్లగా ఉంటే మరీ జాగ్రత్త. అప్పుడు రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎక్కువగా కనిపిస్తుంది, లోపల ఫ్లూయిడ్ తక్కువే ఉండొచ్చు. ఒళ్లు వెచ్చబడేసరికి నాళాలు వదులవుతాయి, పైనుంచి ఎన్‌టీజీ 100 మీద ఉంటుంది, బీపీ ఒక్కసారిగా కూలిపోతుంది. పల్స్ 110 అంటున్నారు కాబట్టి డ్రెయిన్ (ఛాతీ గొట్టంలో వచ్చే రక్తం), సీవీపీ (గుండె దగ్గరి పెద్ద సిరలో ఒత్తిడి) తప్పక చూడండి.

ఐసీయూ ఇన్‌ఛార్జ్ సిస్టర్:
సిరంజి సంగతి నేను చెప్తాను. ఎన్‌టీజీ ప్రభావం కొద్ది నిమిషాలే. పాత సిరంజి తీసి కొత్తది బిగించే లోపు బీపీ ఎగురుతుంది. కొత్త పంపులో సిరంజి ప్లంజర్‌కీ దాన్ని నెట్టే పుషర్‌కీ మధ్య సందు ఉంటే, తక్కువ రేటులో మందు బయటకు రావడానికే చాలా నిమిషాలు పడుతుంది. ఆలోగా కంగారుపడి రేటు పెంచుతాం, లేదా లైన్‌ని ఫ్లష్ చేస్తాం. లైన్‌లో నిలిచిన మందంతా ఒకేసారి లోపలికి వెళ్తుంది. మీ 80 అక్కడిదే అయ్యుండొచ్చు.

పాతది అయిపోవడానికి అరగంట ముందే రెండో పంపులో కొత్త సిరంజి ఎక్కించండి. పేషెంట్‌కి కలపకుండా పర్జ్ చేసి (లైన్‌ని మందుతో నింపి), చివర చుక్క రావడం చూశాకే త్రీవే (మూడు దారుల కుళాయి) దగ్గర కలిపి నడపండి. బీపీ దిగడం మొదలయ్యాక పాతదాన్ని కొంచెం కొంచెంగా తగ్గించి ఆపండి. ఎన్‌టీజీకి సెంట్రల్ లైన్‌లో వేరే ల్యూమెన్ (విడి దారి) ఉంచండి, అందులో ఏ ఇంజెక్షనూ ఇవ్వొద్దు. మామూలు పీవీసీ ట్యూబ్ మందును కొంత పీల్చేసుకుంటుంది, పాలిథిలీన్ లైన్ వాడండి. లేబుల్ మీద గాఢత పెద్దక్షరాల్లో రాయండి. 25 మి.గ్రా. సిరంజి స్థానంలో 50 మి.గ్రా.ది పెడితే అదే రేటుకి డోసు రెట్టింపు.

కార్డియాక్ అనెస్తీషియా:
నొప్పి, ఫ్లూయిడ్, టెంపరేచర్ అన్నీ సరిచేసినా పల్స్ 110, బీపీ 165 ఉంటే, ఈఎఫ్ బాగుంది కాబట్టి ఎస్మొలాల్ (గుండె వేగాన్ని, బీపీని తగ్గించే బీటా బ్లాకర్) వైపే నా మొగ్గు. దాని సగం ఆయుష్షు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) 9 నిమిషాలే, తేడా వస్తే ఆపేయొచ్చు. 60 కేజీలకు ఒక నిమిషంలో 30 మి.గ్రా., తర్వాత కేజీకి నిమిషానికి 50 మైక్రోగ్రాములు. ఎంఎల్‌కి 10 మి.గ్రా. వయల్ అయితే గంటకు 18 ఎంఎల్. ఆస్తమా, హార్ట్ బ్లాక్ ఉంటే, గుండె నీరసంగా ఉంటే వద్దు.

నైట్రోప్రుసైడ్ తప్పకపోతే 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సిరంజి, లైన్ రెండూ వెలుతురు తగలకుండా చుట్టాలి. ఎంఎల్‌కి 1 మి.గ్రా. చొప్పున అయితే గంటకు 1 ఎంఎల్ దగ్గర మొదలు. ఈ బరువుకి గంటకు 7 ఎంఎల్ దాటి చాలాసేపు నడిపితే సయనైడ్ పేరుకుంటుంది. రక్తంలో లాక్టేట్, అసిడోసిస్ (ఆమ్లత) పెరుగుతూ, మందు పనిచేయడం తగ్గుతుంటే అదే అనుమానించి ఆపాలి. నీలం, ఆకుపచ్చ లేదా ముదురు ఎరుపు రంగుకి తిరిగితే పారేయండి.

ఇది బైపాస్ కేసు కాబట్టి సరే. అయోర్టిక్ స్టెనోసిస్‌కి (అయోర్టిక్ వాల్వ్ ఇరుకైపోవడానికి) వాల్వ్ మార్చిన కేసైతే, నాళాలను వదులు చేసే మందు పెంచేకొద్దీ పరిస్థితి దిగజారవచ్చు. మందంగా ఉన్న ఎడమ జఠరిక ఖాళీ అయి, రక్తం బయటకు వెళ్లే దారే మూసుకుంటుంది. అక్కడ ఎకో చూడకుండా ఎన్‌టీజీ పెంచొద్దు.

సీటీఐసీయూ స్టాఫ్ నర్స్:
ట్రాన్స్‌డ్యూసర్ నిజంగానే కింద ఉంది. సరిచేశాక 156. టెంపరేచర్ 35.4, వణుకు ఉంది. డ్రెయిన్ గంటకు 60 ఎంఎల్.

కార్డియాక్ అనెస్తీషియా:
వార్మర్ వేయండి. వణుకుకి, సెడేషన్‌కి మీ డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడండి. ఎన్‌టీజీ ఇక పెంచొద్దు. 36 దాటేసరికి 5 నిమిషాలకోసారి బీపీ చూస్తూ అర ఎంఎల్ చొప్పున దించండి. డ్రెయిన్ ఒక్కసారిగా ఆగిపోయి సీవీపీ పెరుగుతుంటే మాత్రం బీపీ ఎంత ఉన్నా సర్జన్‌కి వెంటనే ఫోన్ చేయండి.