అరణ్యరోదన: అడవిలో ఏడుపా, అడవి ఏడుపా?

సత్యనారాయణపురం, విజయవాడ నుంచి:

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఉష్ణమండల అడవుల నరికివేత మీద వ్యాసం రాయమంటే "అమెజాన్ అరణ్యరోదన" అని పేరు పెట్టింది. తెలుగు మేడమ్ ఆ పేరు కింద ఎర్రగీత కొట్టి, పక్కన "అర్థం చూసుకుని వాడు" అని రాశారు. పిల్ల ఒప్పుకోవడం లేదు. "అడవి ఏడుస్తోంది కాబట్టి అరణ్యరోదన. ఇందులో తప్పేముందమ్మా?" అంటుంది. నాకూ సబబుగానే తోచింది. మార్కు కోసం కాదు గానీ, అసలు సంగతేమిటో కాస్త చెప్పండి. రాత్రి నుంచి ఇంట్లో ఇదే పంచాయితీ.

బ్రాడీపేట, గుంటూరు నుంచి:

అమ్మా, గీత న్యాయంగానే పడింది. అరణ్యరోదనం అంటే అరణ్యమునందు రోదనం, సప్తమీ తత్పురుష. అడవిలో కూర్చుని ఏడిస్తే ఓదార్చే దిక్కుండదు. కాబట్టి ఫలితం లేని మొర అని అర్థం. మీ అమ్మాయి దాన్ని షష్ఠి చేసి "అరణ్యము యొక్క రోదనం" అంది. వ్యాకరణం అడ్డు చెప్పదు గానీ రూఢి అడ్డు చెబుతుంది. దేశభక్తి అంటే దేశం మీద మనకున్న భక్తే గానీ, దేశానికి ఇంకెవరి మీదో ఉన్న భక్తి కాదు కదా.

సంస్కృతంలో ఇది పాత మాట. తెలివిలేనివాణ్ణి కొలవడం ఎంత దండగో చెప్పే శ్లోకం ఒకటి "అరణ్యరుదితం" అనే మొదలవుతుంది. శవానికి నలుగు పెట్టడం, మెట్టనేలలో తామర నాటడం, చవుటి నేల మీద వాన కురవడం, కుక్కతోక సరిచేయడం, చెవిటివాడి చెవిలో మంత్రం చదవడం, గుడ్డివాడికి అద్దం చూపించడం. ఇన్ని దండగమారి పనుల్లో మొట్టమొదటిది అడవిలో ఏడుపు. మన అడవిగాచిన వెన్నెల దీనికి తోబుట్టువు. అరణ్యరోదన, అరణ్యరోదనం రెండూ వాడుకలో ఉన్నాయి, వాటి మీద తగువు వద్దు.

గవర్నరుపేట నుంచి:

మాస్టారూ, "బాధితుల గోడు అరణ్యరోదన" అని పేపర్లో తరచూ చూస్తుంటాం. ఆ బాధితులెవరూ అడవిలో ఉండరు, కలెక్టరాఫీసు గేటు దగ్గరుంటారు!

అజిత్‌సింగ్ నగర్, విజయవాడ నుంచి:

మా గురించి కూడా అలాగే అనుకున్నారండీ. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందు రోజంతా కుండపోత. బుడమేరు వాగు మళ్లింపు కాలువకు కొండపల్లి వైపు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. చూస్తుండగానే వీధిలో నీళ్లు ఇంట్లోకి వచ్చేశాయి. కింద వాటావాళ్లు గ్యాస్ సిలిండరూ పిల్లల పుస్తకాల సంచులూ పట్టుకుని డాబా మీదకి ఎక్కేశారు. కరెంటు లేదు, సెల్లులో చార్జింగ్ లేదు. పడవ కనపడితే చాలు, డాబాల మీద జనమంతా పళ్లేలు కొడుతూ అరిచేవాళ్లం. అది మా సందులోకి తిరక్కుండా పెద్ద రోడ్డు వెంటే పోయేది. తర్వాత డ్రోన్లతో పొట్లాలు వేశారు. కొన్ని చేతికి అందాయి, కొన్ని నీళ్లలో పడ్డాయి. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. బయటివాళ్లకి ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మేమున్నది అడవిలో కాదు, జనారణ్యంలో. వినేవాళ్లు లేక కాదు, విని కూడా రాలేకపోయారు. అందుకని "ఫలితం లేని మొర" అన్న మాస్టారి అర్థం నాకు నప్పింది. అడవి అంటే ఎవరూ లేని చోటు అన్న ఊహ మాత్రం నచ్చలేదు. అక్కడ ఉన్నవాళ్లు మనకి లెక్కలోకి రారు, అంతే.

పెదకాకాని నుంచి:

అన్నగారు చివర్లో అన్నమాటే నేనూ అనబోతున్నా. బోటనీ చదువుతున్నాను, వ్యాకరణం అంతంత మాత్రం, తప్పుంటే మాస్టారు దిద్దాలి. ఒరాంగుటాన్ అనేది మలయ్ మాట. ఒరాంగ్ అంటే మనిషి, హుతాన్ అంటే అడవి. వాళ్ల భాషకి అడవిలో ఒక మనిషి కనిపించాడు, మన నానుడికి కనిపించలేదు. బోర్నియో దీవిలో 1999 నుంచి 2015 లోపల లక్షకు పైగా ఒరాంగుటాన్లు తగ్గిపోయాయని అంచనా. అడవి కొట్టి పామాయిల్ తోటలు వేయడం ఒక కారణం, వేట ఇంకొకటి.

అమెజాన్ సంగతి కూడా చూడండి. అక్కడి చెట్లు వేళ్లతో తాగిన నీళ్లని ఆకుల గుండా ఆవిరి చేసి వదిలితే, ఆ ఆవిరే గాలివాటున పోయి దూరాన వానై పడుతుంది. బ్రెజిల్‌లో వాటిని ఎగిరే నదులు అంటారు. చెట్టు కొడితే ఆ పైనున్న నదికీ గండి కొట్టినట్టే. 2023లో పెద్ద కరవొచ్చింది. టెఫే సరస్సులో నీళ్లు దాదాపు 40 డిగ్రీలకు కాగిపోయి వందకు పైగా డాల్ఫిన్లు చచ్చి తేలాయి. మనావుస్ దగ్గర రియో నెగ్రో నది, అక్కడ లెక్కలు రాయడం మొదలుపెట్టిన 120 ఏళ్లలో ఎన్నడూ లేనంతగా ఇంకిపోయింది. మరుసటి ఏడు అంతకన్నా ఇంకింది. నదే రోడ్డుగా బతికే ఊళ్లకు పడవలు నడవలేదు, తిండిగింజలు, మందులు అందలేదు. సింగ్‌నగర్‌లో నీళ్లెక్కువై పడవ కోసం ఎదురుచూశారు, అక్కడ నీళ్లు లేక.

ఇంతకీ నేననేది, ఏడ్చేది ఆ డాల్ఫిన్లూ ఆ ఊళ్లవాళ్లూ అయితే అది అడవిలో ఏడుపే కదా? చెల్లి పెట్టిన పేరు సప్తమిగానే చెల్లుతుంది.

గవర్నరుపేట నుంచి:

పామాయిల్ అంటే గుర్తొచ్చింది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునేది మన దేశమే, ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేసియాల నుంచి. సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలబడి ఒరాంగుటాన్ కోసం ఏడిస్తే దాన్ని ఏ విభక్తి అంటారు మాస్టారూ?

కొండపల్లి నుంచి:

మాది బొమ్మలు చేసే ఇల్లు. మా చిన్నప్పుడు బొమ్మలకి వాడే తెల్లపొణికి కర్ర పక్క కొండల మీద నుంచే వచ్చేది. ఇప్పుడు ఆ కర్ర కోసం దూరం పోవాలి, దొరికినా సన్న కర్రే. చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి మక్కు చేసి అతుకులేసుకోవచ్చు గానీ, మక్కుతో మొత్తం బొమ్మ రాదు కదండీ. మీ చర్చలో ఇది ఎక్కడ పెట్టాలో తెలియలేదు, పెట్టేశాను.

బ్రాడీపేట, గుంటూరు నుంచి:

బజ్జీల బండికి చతుర్థి సరిపోతుంది నాయనా, కొఱకున్ కై.

అమ్మాయ్, నీ వాదన బాగుంది. సమాసం వరకు నేను దిగిపోతున్నా. సీత అడవిలో ఏడిస్తే జటాయువు విన్నాడు, గజేంద్రుడు మడుగులో మొరపెట్టుకుంటే వైకుంఠం దాకా వినిపించింది. మన కథల్లో అడవి ఏడుపులు వట్టినే పోలేదు. కానీ అభ్యంతరం ఇంకోటుంది. అరణ్యరోదన అన్నాక ఫలితం సున్నా అని తేల్చేసినట్టు. అమెజాన్ విషయంలో అది నిజమేనా?

ఇంకో మాట. పేపర్లు అమెజాన్ మంటల్ని కార్చిచ్చు అంటున్నాయి. కారు అంటే అడవి, కార్చిచ్చు అంటే వెదురుకి వెదురు రాసుకుని దానంతటది పుట్టేదని మన ఊహ. తడి అడవి అంత తేలిగ్గా అంటుకుంటుందా?

పెదకాకాని నుంచి:

అంటుకోదు మాస్టారూ. అక్కడ ముందు చెట్లు కొట్టి ఎండబెడతారు, తర్వాత పశువుల బీళ్ల కోసం తగలబెడతారు. చిచ్చు రగలడం కాదు, చిచ్చు పెట్టడం.

ఫలితం సున్నా కాదు. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది. ఉపగ్రహాలతో కనిపెట్టడం, జరిమానాలు, రక్షిత ప్రాంతాలు, ఇవన్నీ కలిసి 2012 నాటికి దాన్ని 5 వేల లోపుకు దించాయి. తర్వాత మళ్లీ పెరిగి 2021లో 13 వేలు దాటింది. 2022 నుంచి మళ్లీ తగ్గుతూ వచ్చింది.

బ్రాడీపేట, గుంటూరు నుంచి:

ఇంకేం. మేడమ్ గారి గీత సరైనదే, కారణం మాత్రం నేను మొదట చెప్పిన విభక్తి కాదు.

సత్యనారాయణపురం, విజయవాడ నుంచి:

అందరికీ ధన్యవాదాలండీ. అంతా చదివి వినిపించాను. "అమెజాన్ గోడు" అని మారుస్తానంటోంది. గోడు తెలుగు మాటేనా, మళ్లీ గీత పడుతుందా అని అడుగుతోంది.

బ్రాడీపేట, గుంటూరు నుంచి:

అచ్చతెలుగే తల్లీ, నిక్షేపంగా వాడుకోమను. గోడు వెళ్లబోసుకున్నాక అవతలివాళ్లు పట్టించుకోవచ్చు, మానవచ్చు, ఆ తీర్పు ఆ మాటలో లేదు. ఆ 2004, 2012, 2021 అంకెలు మాత్రం మూడూ రాయమను. ఒక్క 2012 రాసి ఊరుకుంటే మళ్లీ ఎర్రగీతే.