సమస్య: నల్లనయ్య తెల్లనయ్యె నీట

ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. రీలు (ఫిల్ము) కెమెరాతో ఫొటోలు తీసి, ఆ ఫిల్మును చీకటిగదిలో సొంతంగా కడుక్కోవడం మనవాళ్లు కొందరు నేర్చుకుంటున్నారు కాబట్టి పూరణ ఆ విషయం మీదే ఉండాలి. నల్లనయ్య కృష్ణుడే కానక్కర్లేదు, మీ అయ్యయినా సరే.

పూరణ 1 (తిరుపతి నుంచి):

చీకటింట ఫిల్ము చేతఁ దడిమి చుట్టి
నిముస నిముస మూపి నిలిపి యూప
వెండి నల్లబడియె వెలుగు పడిన చోట
నల్లనయ్య తెల్లనయ్యె నీట!

మా ఇంటి నల్లరాతి కృష్ణుడిని కిటికీ వెలుగులో తీశాను సార్.

నిర్వాహకుడు: మూడో పాదం చాలా నచ్చింది. వెలుగు తగిలిన వెండి లవణమే డెవలపర్ (బొమ్మను తేల్చే మందు)లో నల్లని వెండిగా మారుతుంది, అదంతా ఒక్క పాదంలో పట్టేశారు. కాకపోతే డెవలపర్ దాటాక కూడా వెలుగు తగలని చోటు పాలలా మసకగానే ఉంటుంది, తేటపడేది ఆ తర్వాత ముంచే హైపో మందులో. ఆ మాట పద్యంలో ఎక్కడైనా ఇరికించగలరేమో చూడండి.

పూరణ 2 (చిత్తూరు నుంచి):

చంద్రగిరిని కోట చండ్రనిప్పుల యెండ
రెండు నందె యుంచి ఫొటోలు తీసి
నెగటివెల్ల మసియె నేనచ్చు వేయగా
నల్లనయ్య తెల్లనయ్యె నీట!

మా అయ్యని తీశాను. అపర్చర్ (లెన్సులో వెలుగు దూరే కన్ను) 2 మీదే ఉండిపోయింది, రీలు అయిపోయేదాకా చూసుకోలేదు.

నిర్వాహకుడు: తమ్ముడూ, 'ఫొటోలు' జగణం (లఘువు, గురువు, లఘువు), అక్కడ సూర్యగణం పడాలి, పైగా 'రె'కి యతి కూడా పోయింది. 'రెండు నందె యుంచి రీలు ముగిసె' అను, రెండూ కుదురుతాయి. భావం మాత్రం నిజంగా అనుభవించి రాసింది. 100 ఫిల్ముకి అంత ఎండలో అపర్చర్ 16, షట్టర్ 125 (సెకనులో 125వ వంతు) పెడతాం; అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దదవుతుంది, 16 నుంచి 2 దాకా ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకి వెలుగు రెట్టింపు, అంటే 64 రెట్లు. నెగటివ్ (కడిగిన ఫిల్ము) అట్ల మసైపోతే, దాని గుండా కాగితం మీద బొమ్మ వేసే ఎన్‌లార్జర్ వెలుగు కాగితం దాకా దిగదు, బొమ్మ తెల్లగానే మిగులుతుంది. అయినా దాన్ని పారేయొద్దు, ఎక్కువసేపు వెలుగిచ్చి చూడు.

పూరణ 2 సభ్యుడు: దిద్దుకున్నాను సార్. రాత్రి ఎర్రబల్బు కింద మళ్లీ వేశాను, పది సెకన్లకి బదులు రెండు నిమిషాలు ఇచ్చాను. ట్రేలో ముందు మీసం తేలింది, తర్వాత మొహం. తలగుడ్డ మాత్రం ఇంకా తెల్ల కాగితమే.