అప్‌డేట్: పంట పోయాక ఏమని ప్రార్థించాలని అడిగాను కదా

కళ్యాణదుర్గం దగ్గర మా శనక్కాయ పంట ఎండిపోయి అప్పు మిగిలింది, ఇక దేవుణ్ణి ఏమని అడగాలని పోయినసారి రాశాను. కాయలు పట్టే ఊడలు నేలలోకి దిగే టైంలో వాన ముఖం చాటేసింది. చెట్టు పీకితే అన్నీ లొట్ట కాయలే.

అప్పుడు బైబిల్లో హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం చదవమన్న అక్కకు వందనాలు. 17వ వచనంలో అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, గొర్రెలు, పశువులు, ఒక్కటీ మిగలదు. 18లో ప్రవక్త అయినా యెహోవాయందు ఆనందిస్తానంటాడు. ఆ రెంటి మధ్య వాన పడిందని ఎక్కడా లేదు! అదే నన్ను పట్టేసింది.

అప్పు తీరలేదు. మా ఆయన బెంగళూరు పనికి పోయాడు. టెన్షన్ ఉంది. కానీ రాత్రిపూట పిల్లలతో మోకరించి, అడగడానికి ముందు స్తుతిస్తున్నాం. సంఘంలో మాలాగే నష్టపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్లతో కలిసి ప్రార్థిస్తున్నాను. మా వైపు వానల కోసం మీరూ ప్రార్థించండి.