మట్టి వినాయకుల కార్యక్రమాలతో పిల్లలకు పర్యావరణం అర్థమవుతుందా, ఫోటోల కోసమేనా?

ఏడో తరగతి నాన్న:
మొన్న మావాడి బడిలో మట్టి వినాయకులు చేయించారు. తల్లిదండ్రుల్నీ కాలనీవాళ్లనీ పిలిచారు. 150 రూపాయలు పెట్టి కిట్ కొనాలి. అందులో ప్లాస్టిక్ కవర్లో మట్టిముద్ద, థర్మోకోల్ ప్లేటు, ఓ మెరుపుల డబ్బా. వెనకాల ప్లాస్టిక్ వాడొద్దని పే...ద్ద ఫ్లెక్సీ. అరగంటలో బొమ్మలు అయిపోయాయి, ఫోటోలకు గంట పట్టింది. ఇలా జనాన్ని పోగేసి చేస్తే పిల్లలకు ఏమైనా అబ్బుతుందా? క్లాసులో పాఠం సరిగ్గా చెబితే చాలదా?

సైన్సు టీచరమ్మ:
కిట్ మీద మీ కోపం న్యాయమే. పాఠం చాలంటే మాత్రం ఒప్పుకోను. పర్యావరణ లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లోనే సుప్రీంకోర్టు బడుల్లో పర్యావరణం తప్పనిసరిగా చెప్పాలంది. చెబుతూనే ఉన్నాం, వాళ్లు బట్టీ పట్టి పరీక్ష అవగానే మర్చిపోతూనే ఉన్నారు. మాది సర్కారు బడి, రూపాయి అడగలేదు. ఊళ్లో కుమ్మరి తాత వచ్చి మట్టి తొక్కడం దగ్గర్నుంచి చూపించాడు, సరిగ్గా పిసక్కపోతే ఆరేటప్పుడు బొమ్మ పగులుతుందని. తర్వాత రెండు బకెట్ల నీళ్లు పెట్టాం. ఒకదాంట్లో బాగా ఆరిన మట్టిబొమ్మ, ఇంకోదాంట్లో నిరుడు చెరువు దగ్గర దొరికిన పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) విగ్రహం చెయ్యి. మట్టిది బుడబుడమని బుడగలు వదులుతూ కళ్లముందే కూలిపోయింది. ఆ చెయ్యి పది రోజులైనా వేళ్లతో సహా అలాగే ఉంది. పిల్లలు రోజూ ఇంటర్వెల్‌లో వెళ్లి చూసొస్తున్నారు.

ధూల్‌పేట పక్కింటోడు:
బాగుంది మేడమ్. కానీ జానెడు బొమ్మ చేసే పిల్లాడికి నీతులు చెప్పి, 15 అడుగుల పీవోపీ విగ్రహానికి చందా రాసే వాళ్ల నాన్నని వదిలేస్తే ఎట్లా? పీవోపీ వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మరుసటి ఏడాదే హుస్సేన్‌సాగర్‌లో ఆ విగ్రహాలు కలపడానికి, ఇదే ఆఖరు అంటూ సుప్రీంకోర్టు ఒప్పుకోవాల్సి వచ్చింది. విగ్రహాలు చేసేవాళ్లని రోజూ చూస్తాను. పీవోపీ అచ్చులో పోస్తే చూస్తుండగానే గట్టిపడుతుంది, తేలిక కూడా. మట్టిదైతే ఆరడానికి రోజులు, అసలే వానాకాలం, పైగా లారీ ఎక్కించేదాకా టెన్షన్. వాళ్ల పొట్ట కొట్టకుండా ఏం చేయాలన్నది పెద్దలు తేల్చుకోవాలి, పిల్లల నెత్తిన రుద్దొద్దు.

సైన్సు టీచరమ్మ:
అందుకే కదండీ ఊరివాళ్లని పిలిచేది! మండపం కుర్రాళ్లూ వచ్చారు. మారిపోయారని చెప్పను, ఈసారీ పీవోపీనే తెచ్చారు. కానీ మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి అందరిముందూ "అన్నా, మీ దేవుడి చెయ్యి ఇంకా మా బకెట్లోనే ఉంది" అంటే ఒక్కడికీ నోట మాట రాలేదు. ఆ మాట నేను అంటే గొడవయ్యేది.

పెరటి జామచెట్టు:
అందరూ బొమ్మ దగ్గరే ఆగిపోయారు, పత్రి సంగతో? 21 రకాలు. ఉత్తరేణి, వాకుడు, వావిలి, జిల్లేడు అన్నీ చెరువుగట్టున మేమే కోసుకొచ్చేవాళ్లం, ఉత్తరేణి గింజలు లంగాలకు అంటుకుని ఇంటిదాకా వచ్చేవి. ఇప్పుడు బజార్లో కట్ట కొంటే సగం ఏ ఆకులో తెలీదు. మా మనవడికి గరిక తప్ప ఇంకోటి తెలీదు. ఊళ్లో పెద్దవాళ్లని తోడిచ్చి పదిమంది పిల్లల్ని గట్టు మీద ఓ గంట తిప్పండి, కిట్టూ వద్దు ఫ్లెక్సీ వద్దు. బస్సులు కట్టి రెండొందల మందిని మాత్రం దింపకండి, ఉన్న మొక్కలు కూడా పీకేస్తారు!

ఏడో తరగతి నాన్న:
టీచరుగారూ, మీ బకెట్లతో నా వాదన సగం పడిపోయింది. సగమే! మావాడు ఏం నేర్చుకున్నాడో చూడండి. బొమ్మకు ఎనామిల్ పెయింట్ వేసి టీవీ పక్కన పెట్టుకున్నాడు, నిమజ్జనం అంటే రంగు పోతుందని ఏడుపు. ఆ మట్టి ఏ చెరువుదో రాసుందేమోనని కవరు తిప్పి చూశాను. బార్‌కోడ్ ఉంది.